నమ్మకద్రోహమా, విశ్వాసఘాతుకమా?

సందేహం: మా ఊరి కథల పోటీకి ‘సడలుతున్న నమ్మకం’ అంశం. కథలో ‘నమ్మకద్రోహం’ అని రాశాను. అది వైరి సమాసమనీ, అంటే తెలుగు మాటకూ సంస్కృతం మాటకూ పొసగని జోడనీ, ‘విశ్వాసఘాతుకం’ అనాలనీ ఒకరు దిద్దారు. ఒడియా ఇరుగుపొరుగు ‘బిస్వాసఘాతక’ అంటారు. ఏది ఒప్పు?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

సమాధానం: గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో వాడుక మాటకు జంకడమేమిటమ్మా? ‘నమ్మకం’ ఆచ్ఛికం, అంటే అచ్చతెలుగు; ‘ద్రోహం’ తత్సమం, అంటే సంస్కృతం నుంచి వచ్చింది. మిశ్రసమాసమే, కానీ జనం నోట నలిగి నిలిచింది. మిత్రద్రోహం, గురుద్రోహం అన్నప్పుడు దెబ్బతిన్నవారు ముందుంటారు. ఇక్కడ దెబ్బతిన్నది నమ్మకం.

అసలు రుచి ‘విశ్వాసం’లో ఉంది. ధాతువు ‘శ్వస్’, అంటే ఊపిరి తీయడం. బెదురు లేకుండా ఊపిరి తీసుకోగలిగితే అది విశ్వాసం. ఉచ్ఛ్వాసం, నిశ్వాసం ఈ ఇంటివే. మన కావ్యాల ‘ఆశ్వాసం’ కూడా! సంస్కృత మహాకావ్యాలకు సర్గలుంటే, ప్రాకృత కావ్యాల బాట పట్టి మనవాళ్లు ఆశ్వాసాలన్నారు. నన్నయ ఆదిపర్వానికి 8, తిక్కన విరాటపర్వానికి 5. కథ వినేవాడు ఊరట పొందే మజిలీలన్నమాట.

ఆ ఊపిరి ఎలా ఆగుతుందో ద్రోణవధ ఘట్టంలో చూడండి. అశ్వత్థామ చచ్చాడని భీముడు అరిస్తే ద్రోణుడు నమ్మలేదు, ధర్మరాజునే అడిగాడు. ఎన్నడూ బొంకనివాడి నోట వచ్చింది గనకే ఆ బొంకు పారింది. అంతవరకూ నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నడిచిన ధర్మరాజు రథం కిందికి దిగింది. కథకులారా, ఎవరు ఎవరిని ఎందుకు నమ్మారో ముందు నిలబెట్టండి, విరవడం తర్వాత.

ఈనాటి పత్రికలకు ఇది పట్టదు. ‘నమ్మకద్రోహం జరిగింది’ అని ఊరుకుంటాయి. దానంతటది కురవడానికి వానా? చేసినవాడేడీ? చీటీనే తీసుకోండి. 20 మంది, నెలకు 5,000, పాట లక్షది. మూడో నెల ఎత్తుకున్నవాడు ఎగ్గొడితే మిగిలిన 17 వాయిదాలు, 85,000, చీటీ నడిపేవాడి నెత్తిన పడతాయి. ఆయన చేతులెత్తేస్తే ఇంకా ఎత్తుకోనివాళ్లు కట్టడం మానేస్తారు. ఆపైన ఆ వీధిలో చేబదులుకు కూడా నోటూ హామీ సంతకమూ అడుగుతారు. మీ కథకు సరుకు అక్కడుంది, ‘ట్రస్ట్ ఇష్యూస్’లో లేదు.

ఇక ‘ఘాతకుడు’ చేసిన మనిషి, మీ ఒడియా పొరుగువారి మాటా మనిషికే. చేసిన పనికి ‘విశ్వాసఘాతం’ చాలు. ‘ఘాతుకం’ సంస్కృతంలో విశేషణం, తెలుగులో నామవాచకమై కూర్చుంది. దాన్ని తప్పనడానికి నాకు నోరు రాదు గానీ, మీ పాత్ర పల్లె మనిషైతే ‘నమ్మకద్రోహం’ మార్చకండి. ప్లీడరైతే మీ ఇష్టం.