సిమెంటు ఊళ్లో కారుకు సిరామిక్ పూత

ప్రశ్న: మాది చంద్రపూర్ జిల్లా గడ్‌చాందూర్. చుట్టూ సిమెంటు కార్ఖానాలే. దీపావళికి ముదురు నీలం రంగు కారు కొన్నాను. షెడ్డు లేదు, వీధిలో వేపచెట్టు కింద నిలుపుతాను. సిరామిక్ కోటింగుకు షోరూములో 28,000 రూపాయలు అడిగారు. చంద్రపూర్‌లో ఒకతను 12,000కే చేస్తానంటున్నాడు. ‘నైన్ హెచ్ కోటింగు, దుమ్ము అంటదు, గీతలు పడవు, ఐదేళ్ల గ్యారంటీ’ అని ఇద్దరిదీ ఒకే పాట. మా బావమరిది ఆ డబ్బుతో టైర్లు కొనుక్కోవచ్చంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, కొత్త కారుకు ఇప్పుడే టైర్లెందుకు? మీ బావమరిదిగారి సలహా మూడు నాలుగేళ్ల తర్వాత పనికొస్తుంది, దాచిపెట్టండి.

సిరామిక్ కోటింగంటే కారు రంగు మీద పూసే, ఆరి గట్టిపడే పలుచటి ద్రవం. దుమ్ము అంటదనేది ఒట్టి మాట. గాలిలో ఉన్న దుమ్ము ఏ పూత మీదైనా వాలుతుంది, మన ప్రాంతంలో అయితే గంటలో వాలుతుంది. తేడా కడిగేటప్పుడు తెలుస్తుంది. పూత ఉన్న రేకు మీద పైపుతో నీళ్లు కొడితే మురికిలో చాలా భాగం నీటితో పాటే జారిపోతుంది. పూత లేని రేకు మీద సగం అక్కడే ఉండిపోతుంది, దాన్ని గుడ్డతో రుద్దాలి. కారుకు సన్న గీతలు పడేది నూటికి తొంభై పాళ్లు ఆ రుద్దుడులోనే. రుద్దుడు తగ్గించడానికే ఈ పూతకు డబ్బు పెడుతున్నామని అనుకోండి, అప్పుడు బేరం సరిగ్గా ఆడగలరు.

ఇక ఆ నైన్ హెచ్. అది పెన్సిళ్ల లెక్క. మెత్తటి బి పెన్సిళ్ల నుంచి గట్టి హెచ్ పెన్సిళ్ల దాకా వరుసగా పూత మీద ఒత్తి నెట్టి చూసే పరీక్ష అది. 9హెచ్ అంటే అన్నిటికన్నా గట్టి పెన్సిలు కూడా గీత పెట్టలేదని మాత్రమే అర్థం. మన రోడ్ల మీది ఇసుకరేణువు పెన్సిలు కాదు కదా! పైగా మందం చూడండి. కార్ఖానాలో వేసిన ప్రైమరు, రంగు, పైన ఉండే రంగులేని క్లియర్ కోటు అన్నీ కలిపితే సాధారణంగా 100 నుంచి 130 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). సిరామిక్ పూత మహా అయితే ఒకటి రెండు మైక్రాన్లు. అది తాళం చెవి గీతనూ ఆపదు, రాజురా దారిలో బొగ్గు టిప్పరు చక్రం కింద నుంచి ఎగిరొచ్చే రాయినీ ఆపదు. రాయి దెబ్బకు తట్టుకునేది పీపీఎఫ్ అనే పారదర్శకమైన ఫిల్ము. దాని మందం 150 మైక్రాన్లకు పైనే, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. రాళ్ల దెబ్బల భయం ఉంటే బానెట్టుకు, ముందు బంపరుకు మాత్రం అది వేయించుకుని మిగతా బండికి సిరామిక్ పూత పూయించుకునేవాళ్లున్నారు. చెడ్డ ఆలోచన కాదు.

28,000కా, 12,000కా అనేది సీసా మీది పేరును బట్టి తేల్చకండి. పూయడానికి ముందు ఏమేం చేస్తారో ఇద్దరినీ అడగండి. నేను బల్లార్షాలో పెయింటింగు షెడ్డు నడిపే మనిషిని, నా లెక్కలో ఈ పనిలో కష్టమంతా ముందే ఉంది. మొదట బాగా కడగాలి. తర్వాత ఇనుప రేణువులను కరిగించే ద్రావకం చల్లాలి. కొత్త కారు కదా, దీనికెందుకు అంటారేమో. కార్ఖానా నుంచి షోరూముకు, షోరూము నుంచి మీ ఇంటికి వచ్చేలోపే బ్రేకుల పొడి, రైలు పట్టాల పొడి రంగులో గుచ్చుకుని ఉంటాయి. ద్రావకం చల్లిన కాసేపటికి తెల్ల కారు మీద ఊదా రంగు చారలు కారుతుంటే యజమానులు నోరు తెరిచి చూస్తారు. మీ నీలం మీద అంతగా కనబడదు గాని పని మాత్రం జరుగుతుంది. ఆ తర్వాత క్లే అనే మెత్తటి మట్టి ముద్దతో రేకంతా నునుపు చేయడం, మిషనుతో పాలిష్ పట్టి గీతలు తీయడం, ఆల్కహాలు కలిసిన ద్రావకంతో పాలిష్ జిడ్డు తుడవడం. ఇదంతా అయ్యాకే సీసా మూత తీయాలి. గీతలు తీయకుండా పూసేస్తే ఆ గీతలు పూత కింద భద్రంగా ఉండిపోతాయి.

పూసేటప్పుడు దగ్గర నిలబడి చూడనివ్వమనండి. చిన్న స్పాంజి దిమ్మకు మెత్తటి గుడ్డ చుట్టి, దాని మీద నాలుగైదు చుక్కలు వేసి, రెండడుగుల చదరం మేర ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా పూస్తారు. కాసేపటికి రేకు మీద నూనె పడ్డ నీటిలోలాగా రంగులు మెరుస్తాయి. అప్పుడే మైక్రోఫైబరు గుడ్డతో తుడిచెయ్యాలి. ఆలస్యమైతే మచ్చలుగా గట్టిపడిపోతుంది, మళ్లీ పాలిష్ పడితే తప్ప పోదు. అందుకే ఈ పని చలికాలంలో చేయించుకోమంటాను. మే నెలలో 45 డిగ్రీలు దాటే మన చంద్రపూర్ ఎండల్లో, ఏసీ లేని షెడ్డులో, పూసింది పూసినట్టే ఆరిపోతుంది. పూశాక ఒక రోజైనా నీటి చుక్క తగలకూడదు, వారం దాకా సబ్బుతో కడగకూడదు. పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకెళ్లమనే దుకాణానికి దండం పెట్టి వచ్చేయండి, రెండు రోజులైనా పట్టాలి.

మీ అసలు శత్రువు సిమెంటు పొడి. అది క్షారం. పొడిగా ఉన్నంతసేపు దుమ్మే. తెల్లవారుజామున మంచు పడి తడిసిందా, రేకును పట్టుకుని గట్టిపడుతుంది. కాబట్టి చెంబెడు నీళ్లు చిలకరించి తుడిచే అలవాటు ఉంటే మానుకోండి. పై నుంచి కిందికి ధారగా, ధారాళంగా నీళ్లు కొట్టండి. గుడ్డ తాకేది ఆ తర్వాతే. అప్పటికే అంటుకుపోయిన చోట తెల్ల వెనిగరు సగం, నీళ్లు సగం కలిపి తడిపి, నిమిషం ఆగి కడిగితే వదులుతుంది. నీడలో, చల్లబడ్డ రేకు మీద మాత్రమే. గోకితే రంగు ఊడుతుంది. పొద్దున్నే ఒక బకెట్టు, ఒక గుడ్డతో వీధిలో పది కార్లు తుడిచే కుర్రాడికి మీ కారు అప్పగిస్తే ఆరు నెలల్లో పూత సంగతి మరిచిపోవచ్చు. బాడీ కవరు కూడా వద్దు. దుమ్ము పట్టిన కారు మీద కప్పితే గాలికి అల్లాడుతూ గరుకు కాగితంలా రంగును రుద్దేస్తుంది.

వేపచెట్టు నీడ మంచిదే, కొమ్మల మీది పక్షులతోనే చిక్కు. రెట్టలోని ఆమ్లం ఎండలో రంగును తినేస్తుంది. పూత ఉంటే కొంత వ్యవధి దొరుకుతుంది గాని సాయంత్రం చూద్దాంలే అనుకుంటే మచ్చ ఉండిపోతుంది.

గ్యారంటీ కాగితం తీసుకుని చదవండి. ఏటేటా వాళ్ల దగ్గరే డబ్బు కట్టి సర్వీసు చేయించాలని, నీటి మచ్చలకు, రెట్ట మచ్చలకు వర్తించదని ఉంటుంది. అవి తీసేస్తే మిగిలేదేమిటో లెక్కేసుకోండి. నా మాట అడిగితే, పై పనులన్నీ వరుసగా చేస్తానంటే 12,000 అతని దగ్గర చేయించండి. మిగిలిన పదహారు వేలు ఇంటి పక్కన నాలుగు పైపులు పాతి రేకులు వేయించడానికి వాడండి. వీధి తప్ప జాగా లేదంటే సరే, బ్యాంకులో వేసుకోండి.

ప్రశ్న: బల్లార్షా నుంచి. వెనక తలుపు సొట్ట తీయించి కొత్తగా రంగు వేయించాను. వెంటనే సిరామిక్ కోటింగు చేయించవచ్చా?

జవాబు: ఆగండి. కార్ఖానాలో రంగును సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. బయటి షెడ్లలో రంగు ఆరబెట్టే గది ఉన్నా 60 డిగ్రీల దగ్గరే ఆరబెడతారు, చాలా చోట్ల అదీ ఉండదు. లోపలి థిన్నరు ఆవిరి బయటికి పోవడానికి నెల రోజులైనా ఇవ్వండి. అందాకా ఆ తలుపుకు మైనం కూడా వద్దు.

ప్రశ్న: రాజురా నుంచి. పోయిన ఏడాది కోటింగు చేయించాను. ఇప్పుడు బానెట్టంతా గుండ్రటి తెల్ల చుక్కలు. కోటింగు నకిలీదా?

జవాబు: అసలుదే అయి ఉంటుంది. పూత నీటిని ముత్యాల్లా నిలబెడుతుంది. ఆ ముత్యం ఎండలో ఆరితే అందులోని సున్నం అక్కడే మిగులుతుంది. మీది బోరు నీళ్లే కదా. పైన చెప్పిన వెనిగరు నీళ్లు ప్రయత్నించండి. పోకపోతే రంగులోకి దిగినట్టే, పాలిష్ పట్టాలి. పాలిష్‌తో పాటు ఆ చోట పూత కూడా పోతుంది, మళ్లీ వేయించుకోవాలి. ఇకపై నీడలో కడిగి వెంటనే పొడి గుడ్డతో అద్దండి. ఇంకొకటి. ఆర్వో మిషను నుంచి వృథాగా పోయే నీళ్లు బకెట్టుకు పట్టి కారు కడిగే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. నీటి పొదుపు బాగానే ఉంది గాని, తాగే నీటిలో నుంచి తీసేసిన లవణాలన్నీ చేరేది ఆ బకెట్టులోనే. వాటితో గచ్చు కడుక్కోండి, కారును కడగకండి.