ఉబుంటులో 4జీ డాంగిల్ పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తూ నెట్ రాకపోతే?

పరకాలలో ఒకరు, ఉబుంటు (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) ల్యాప్‌టాప్‌కు హువావే ఈ3372 అనే 4జీ డాంగిల్ పెడితే సీడీ బొమ్మ వస్తోంది, నెట్ రావట్లేదన్నారు. డాంగిల్ చెడిపోయిందని పారేయకండి. అందులో విండోస్ డ్రైవర్లున్న చిన్న మెమరీ ఉంటుంది, మొదట అదే తెరుచుకుంటుంది.

టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) ఎల్ఎస్‌యూఎస్‌బీ (lsusb) అని కొట్టండి. 12డీ1:1ఎఫ్01 (12d1:1f01) అనే నంబర్ కనిపిస్తే ఇంకా డిస్క్ రూపంలోనే ఉన్నట్టు. ఫోన్ నెట్‌ను యూఎస్‌బీ టెథరింగ్‌తో (కేబుల్ ద్వారా) ల్యాప్‌టాప్‌కు ఇచ్చి, సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్‌తో యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ (sudo apt install usb-modeswitch) వేసుకోండి; డాంగిల్‌ను డిస్క్ రూపం నుంచి మార్చే ప్రోగ్రామ్ ఇదే. డాంగిల్ తీసి మళ్లీ పెట్టి అర నిమిషం ఆగండి. నంబర్ చివరి భాగం 14డీబీ లేదా 14డీసీ (14db, 14dc) అయితే మారినట్టే.

ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారు: మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ చేయాలని చూస్తారు. హైలింక్ రకం (చిన్న రౌటర్‌లా పనిచేసే) డాంగిల్‌కు అది అక్కర్లేదు, వైర్డ్ నెట్‌వర్క్‌గానే వస్తుంది. బ్రౌజర్‌లో 192.168.8.1 తెరిచి ఏపీఎన్ (సిమ్ కంపెనీ నెట్‌కు కలిపే పేరు) అక్కడే రాయండి. బీఎస్ఎన్ఎల్ సిమ్‌కైతే బీఎస్ఎన్ఎల్‌నెట్ (bsnlnet), చిన్నక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా.

కాసేపు వచ్చి తెగిపోతుంటే కరెంటు చాలట్లేదేమో చూడండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లే. సన్నటి పొడుగు ఎక్స్‌టెన్షన్ వైరు, కరెంటు లేని హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి.