సర్వర్ మార్పు ఒక్క పూట పనేనా?

ప్రశ్న: మాది గుంటూరులో ఆడిటర్ ఆఫీసు, పదిమంది స్టాఫ్. క్లయింట్ల ఫైళ్లు, ట్యాలీ డేటా అన్నీ విండోస్ సర్వర్ 2012 ఆర్2 మీదే ఉన్నాయి. డొమైన్ (అందరి యూజర్ ఖాతాలూ ఒకేచోట నడిపే ఏర్పాటు) లేదు. ఇప్పుడు 2022 వెర్షన్‌తో కొత్త మెషీన్ కొన్నాం. ఆదివారం ఒక్క పూటలో కాపీ పేస్ట్ చేసేస్తానంటున్నాడు వెండర్. సరేననమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: మార్చడం మంచిదే. 2012 ఆర్2కి ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు 2023 అక్టోబర్ 10తోనే ఆగిపోయాయి. కాపీ పేస్ట్ మాత్రం వద్దండీ. ఫైళ్లొస్తాయి గానీ ఏ ఫోల్డర్ ఎవరు చూడాలన్న పర్మిషన్లు రావు. సోమవారం పొద్దున జీతాల ఫోల్డర్ ఆర్టికల్స్ కుర్రాళ్లు తెరిచి చూసినా ఆశ్చర్యం లేదు.

పోనీ విండోస్‌లోనే ఉండే కాపీ కమాండ్ రోబోకాపీతో పర్మిషన్లు కూడా లాగుదామా అంటే, డొమైన్ లేదన్నారు. పాత సర్వర్ యూజర్లను కొత్తది గుర్తుపట్టదు, అవే పేర్లు పెట్టినా సరే. సెక్యూరిటీ ట్యాబ్‌లో పేరుండాల్సిన చోట ఎస్-1-5-21తో మొదలయ్యే పొడుగాటి నంబరు కనబడుతుంది. అందుకే డేటా ఒక్కటే తెప్పించి, పర్మిషన్లు గ్రూపులవారీగా కొత్తగా ఇప్పించండి. ముందుగా పాత షేర్ల లిస్టు, ఏది ఎవరికో రాయించుకోండి. అందులో ఎప్పుడో మానేసినవాళ్ల పేర్లు కూడా బయటపడతాయి.

కాపీ రెండు విడతల్లో చేయించండి. మొదటిది ఆఫీసు నడుస్తుండగానే. రెండోది శనివారం సాయంత్రం అందరిచేతా ట్యాలీ మూయించాక, మారినవాటికే. రోబోకాపీలో 'మిర్' స్విచ్ (రెండో ఫోల్డర్‌ని అచ్చం మొదటిదానిలా చేసేది) వాడితే పాతదాని దారి ముందు, కొత్తదానిది తర్వాత ఉండాలి. తారుమారైతే ఖాళీ ఫోల్డర్‌ని చూసి అసలు డేటానే తుడిచేస్తుంది. కాబట్టి బ్యాకప్ తీసి, అందులోంచి రెండు మూడు ఫైళ్లు తెరిచి చూశాకే మొదలుపెట్టనివ్వండి. రీట్రైలు కూడా తగ్గించమనండి. ఏమీ చెప్పకపోతే, తెరుచుకోని ఒక్క ఫైలు కోసం 30 సెకన్లకోసారి చొప్పున 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. మీవాడి ఆదివారం అక్కడే తెల్లారిపోతుంది!

జీఎస్టీ రిటర్నుల 11, 20 తేదీల దగ్గర ఈ పని పెట్టుకోకండి. పాతదాని కేబుల్ పీకేశాక కొత్తదానికి అదే పేరు, అదే ఐపీ ఇప్పించండి. లేదంటే ఎక్సెల్ లింకులన్నీ తెగిపోతాయి. మీ స్కానర్ పాతదైతే ఫోల్డర్‌లోకి స్కాన్ చేయడం ఆగిపోవచ్చు. అది వాడే ఎస్ఎంబీ1 అనే పాత ఫైల్ షేరింగ్ పద్ధతి కొత్త సర్వర్లో మామూలుగా ఉండదు. ఆన్ చేస్తానంటే ఒప్పుకోకండి, 2017లో ఫైళ్లకు తాళమేసి డబ్బులడిగిన వనాక్రై వైరస్ పాకింది ఆ దారినే. స్కాన్లు ఈమెయిల్‌కి పెట్టించండి.

పాత మెషీన్‌ని ఓ నెల అలాగే ఉంచండి. ఎక్స్ఛేంజ్‌లో తీసుకెళ్తానంటే ఇవ్వండి, డిస్కులు మాత్రం ఊడదీసుకుని.