నాలుగో నమూనాను ఎందుకు పారేశావు?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ తడి వైప్ (తుడిచే గుడ్డ) పేటెంట్ డ్రాఫ్ట్ రెండుసార్లు చదివాను. మొదటిసారి 'ఆశ్చర్యకరంగా' అన్న మాటను లెక్కపెట్టడంతోనే సరిపోయింది. 11 సార్లు వాడావు. ఆశ్చర్యకరంగా మెరుగైన ఫలితం, ఆశ్చర్యకరంగా తక్కువ మంట, ఆశ్చర్యకరంగా ఇంకేదో. ఆశ్చర్యపోవాల్సింది పేటెంట్ ఆఫీసులో దాన్ని పరిశీలించే ఎగ్జామినర్ అమ్మా, నువ్వు కాదు. ఆయన అంత తేలిగ్గా ఆశ్చర్యపోయే మనిషి కూడా కాదు.

రెండోసారి చదువుతుంటే చివర్న ల్యాబ్ నోట్‌బుక్‌లోంచి ఎత్తి రాసిన ముక్క ఒకటి కనపడింది. "నమూనా 4: ద్రవం అదే, గుడ్డ వేరే రోల్. మర్నాడు పిండితే ద్రవం పాలు విరిగినట్టు తెల్లగా వచ్చింది. పారేశాం." ఈ ఉత్తరం ఆ ముక్క కోసమే రాస్తున్నాను. మిగతా ముప్ఫై పేజీలు ఎవరైనా రాయగలరు. ఇది మాత్రం కళ్లతో చూసినవాళ్లే రాయగలరు. దాన్ని తీసుకెళ్లి చివర్న దాచావు!

నీ వైప్‌లో ఉన్నదేమిటి? లాక్టిక్ ఆమ్లం, ఒక యానియోనిక్ సర్ఫెక్టెంట్ (ఋణావేశం ఉన్న, సబ్బులా మురికి తీసే పదార్థం), నీళ్లు. ఆమ్లం, యానియోనిక్ సర్ఫెక్టెంట్ జోడీని పాల పరిశ్రమలో పైపులూ ట్యాంకులూ కడగడానికి దశాబ్దాలుగా వాడుతున్నారు. ఎగ్జామినర్ సెర్చ్ మొదలుపెట్టిన మొదటి గంటలోనే అది బయటపడుతుంది. దానికి తోడు నీ శీర్షిక 'క్రిమిసంహారక మరియు ప్రక్షాళన వైప్స్'. ఆ 'మరియు' దగ్గరే ఆయన వేలు పెడతాడు. ఆమ్లం క్రిముల్ని చంపుతుంది, సర్ఫెక్టెంట్ మురికి తీస్తుంది, ఎవరి పని వాళ్లు చేస్తున్నారు, ఇందులో కొత్తేముంది అంటాడు. భారత పేటెంట్ చట్టంలో సెక్షన్ 3(ఇ) ఉన్నది ఇలాంటివాటి కోసమే. విడివిడి గుణాల మొత్తం తప్ప మరేమీ ఇవ్వని మిశ్రమానికి పేటెంట్ లేదు. యూరప్‌లోనూ అమెరికాలోనూ మాటలు వేరు, దెబ్బ ఒకటే. ఆమ్లం ఒక్కటే వేస్తే ఎంత, సర్ఫెక్టెంట్ ఒక్కటే వేస్తే ఎంత, రెండూ కలిపితే ఎంత? ఈ మూడు గడుల పట్టిక నీ డ్రాఫ్ట్‌లో ఎక్కడా లేదు. 99.9 శాతం క్రిములు చస్తాయని మాత్రం మూడుచోట్ల ఉంది. ఎన్ని నిమిషాల్లో? ఏ క్రిమి మీద? తొట్టెలో ఉన్న ద్రవంతోనా, వైప్ నుంచి పిండిన ద్రవంతోనా?

ఈ చివరి ప్రశ్న దగ్గర నన్ను కాస్త సాగనీ, ఇది నా పిచ్చి. ముప్ఫై ఏళ్లుగా ప్రతి డ్రాఫ్ట్ రైటర్‌కీ చెబుతున్నాను: తడి వైప్ అంటే ద్రవం కాదు, గుడ్డ. తొట్టెలో బంగారంలా పనిచేసే ద్రవం గుడ్డలోకి వెళ్లాక వేరే ద్రవం అయిపోతుంది. విస్కోస్ లాంటి సెల్యులోజ్ పోగులు క్వాటర్నరీ అమ్మోనియం అనే ధనావేశ క్రిమిసంహారక మందుల్ని పట్టేసుకుని వదలవు. పిండిన ద్రవంలో మందు సగం కూడా ఉండని సందర్భాలు చూశాను. నీది ఆమ్లం కాబట్టి ఆ బెడద లేదనుకున్నావు. కానీ నాలుగో నమూనాలో ద్రవం విరిగిందంటే ఆ రోల్ మీద కేటయానిక్ ఫినిష్ (ధనావేశం ఉన్న పూత) ఏదో ఉండి, నీ సర్ఫెక్టెంట్‌తో ముడిపడి ఉంటుందని నా అనుమానం. ఇప్పుడు నీ మొదటి క్లెయిమ్, అంటే నీ హక్కు ఎంతవరకో చెప్పే వాక్యం, చూడు. "ఒక నాన్‌వోవెన్ గుడ్డ" (నేయకుండా పోగులు అతికించి చేసింది) అన్నావు. విరిగిపోయిన ఆ రోల్ కూడా నాన్‌వోవెనే కదా! పనిచేయదని నీకు తెలిసినదాన్ని కూడా నీ కంచె లోపలే పెట్టుకున్నావు.

పిహెచ్ సంగతీ అంతే. క్లెయిమ్‌లో 2 నుంచి 5 అన్నావు, ప్రయోగాలు చేసింది 2.8 దగ్గర, 3.2 దగ్గర. లాక్టిక్ ఆమ్లం పికెఎ 3.86. అంటే ఆ పిహెచ్ దగ్గర సగం ఆమ్లం విడిపోకుండా ఉంటుంది, క్రిమి పొరలోకి చొరబడేది ఆ విడిపోని భాగమే. పిహెచ్ 5కి వచ్చేసరికి అది ఏడు శాతానికి పడిపోతుంది. అక్కడా పనిచేస్తుందని ఏ ధైర్యంతో రాశావు? పోనీ రేంజ్ తగ్గించుకుంటానంటే, పాత పత్రాల్లోని రేంజ్ పక్కకే వచ్చి పడతావు. 1955లో అమెరికాలో ఆలర్ కేసు ఒకటి నడిచింది. ఒక రసాయన తయారీ గురించి. పాత పద్ధతిలో 100 డిగ్రీల వేడి, 10 శాతం ఆమ్లం. వాళ్లు అడిగింది 40 నుంచి 80 డిగ్రీలు, 25 నుంచి 70 శాతం ఆమ్లం. అంకెలు ఎక్కడా కలవకపోయినా పేటెంట్ ఇవ్వలేదు. మామూలు ప్రయోగాలతో మంచి రేంజ్ పట్టుకోవడం ఆవిష్కరణ కాదన్నారు. ఆ మాట ఈనాటికీ ఎగ్జామినర్ల రిపోర్టుల్లో తిరుగుతూనే ఉంది.

నేనూ ఇలాగే దెబ్బతిన్నాను. నా మొదటి స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ వివరమంతా రాసే పేటెంట్ పత్రం) గచ్చు కడిగే ఒక ఆమ్ల ద్రవం గురించి. పాత పేటెంట్‌లోని ద్రవాన్ని కూడా తయారుచేసి, మాదానితో పోల్చి, అది ఎక్కడ ఓడిందో పట్టిక వేసి మరీ రాశాను. మా దగ్గర డ్రాఫ్టులు దిద్దే పెద్దాయన ఎర్ర కలంతో పట్టిక మొత్తం కొట్టేశాడు. "ఓటమి కథలు పోటీవాడికి ఎందుకు చెప్పడం?" అన్నాడు. దాని బదులు 'అద్భుతమైన' అన్న మాట చేర్చాడు. ఎగ్జామినర్ రిపోర్ట్ వచ్చింది, పోలిక చూపించమన్నారు. నోట్‌బుక్ కోసం వెతికితే ఆఫీసు మారినప్పుడు తూకానికి వేశారని తెలిసింది. మళ్లీ చేద్దామంటే ఆ సర్ఫెక్టెంట్ తయారీయే ఆగిపోయింది. అప్లికేషన్ పోయింది. పెద్దాయనకు ప్రమోషన్ వచ్చింది. ఇప్పుడు ఆయన వారసులు అరవై క్లెయిములు పెట్టి, 'ఒక రూపంలో', 'మరో రూపంలో' అంటూ పేజీలు నింపుతున్నారు. నువ్వూ ఆ గాలికే కొట్టుకుపోతున్నావని నా టెన్షన్.

ఫైల్ చేశాక చేర్చుకోవచ్చులే అనుకోకు. యూరోపియన్ పేటెంట్ ఒప్పందంలో ఆర్టికల్ 123(2) చదువు. దాఖలు చేసిన రోజు లేని విషయాన్ని తర్వాత స్పెసిఫికేషన్‌లో దూర్చనివ్వరు. పోలిక ఫలితాల్ని సాక్ష్యంగా తర్వాత పంపే వీలు కొంత ఉంది కానీ, మొదట్లో పునాదే లేకపోతే అదీ నిలబడదు.

కాబట్టి నాలుగో నమూనాను ముందుకు తీసుకురా. మంచి రోల్, చెడ్డ రోల్ పక్కపక్కన పెట్టు. గుడ్డ బరువుకు ద్రవం ఎన్ని రెట్లో రాయి. నింపిన రోజు, నెల తర్వాత పిండిన ద్రవం పిహెచ్ రాయి. ఈఎన్ 16615 అని 2015 నాటి యూరోపియన్ పరీక్ష ఒకటుంది. వరసగా నాలుగు గళ్లు, మొదటి గడిలోనే క్రిములు, బరువు పెట్టి వైప్‌తో అటూ ఇటూ తుడుస్తారు. చంపిందా, లేక పక్క గడికి మోసుకెళ్లిందా అన్నది తేలిపోతుంది. నీ శీర్షికలోని 'మరియు'కు జవాబు అక్కడ దొరకొచ్చు.

ఏ దేశంలో ముందు ఫైల్ చేయాలి, ఫీజులెంత అని కూడా అడిగావు. అవి వేరేవాళ్లను అడుగు.

ఆశీస్సులతో.

తా.క. ఆ నాలుగో రోల్ గుడ్డ ముక్క ఏ డ్రాయర్‌లోనైనా మిగిలి ఉందేమో చూడు. ఉంటే దాని అట్ట మీద అంటించిన కాగితం చింపకుండా ఫొటో తీసి పంపించు. ఫినిష్ పేరు దాని మీదే ఉండొచ్చు.