జంపఖానా చారలు

తమ్ముడూ,

ఆకాశపు ఎక్స్‌రే పటాన్ని నీ పుస్తకం చిత్తుప్రతిల మన వరంగల్ కొత్తవాడ జంపఖానాతోని పోల్చినవు చూడు, అక్కడనే ఆగిపోయిన. పోలిక మన ఊరిది, బాగుంది. కానీ జంపఖానా చారలు నేతగాడు కావాలని వేసినవి. నువ్వు మురిసిపోయిన చారలు అసలు ఆకాశంల లేవు.

అది ఎక్స్‌రేలను చూసే రోశాట్ ఉపగ్రహం పటం, దిద్దకముందుది. రోశాట్ ఒక్కో చుట్టుకు ఒక వలయం గీసుకుంట, రోజుకు దాదాపు ఒక డిగ్రీ జరుగుకుంట, ఆరు నెలల్ల ఆకాశమంతా చుట్టింది. ఆ వలయాలన్నీ క్రాంతివృత్త ధ్రువాల దగ్గర, అంటే భూమి సూర్యుడి చుట్టు తిరిగే తలానికి నిటారుగా పైనా కిందా ఉన్న దిక్కుల దగ్గర, కలుస్తయి. నీ చారలు ఎక్కడ కలుస్తున్నయో చూడు, అక్కడనే! సౌరపవనంల, అంటే సూర్యుడి నుంచి వీచే కణాల గాలిల, వచ్చే ఆక్సిజన్, కార్బన్ అయాన్లు (ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న పరమాణువులు) భూమి చుట్టున్న హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్ గుంజుకుంటే తక్కువ శక్తి ఎక్స్‌రేలు పుడతయి. పవనం జోరున్న రోజు గీసిన వలయం వెలుగుతది. పక్కపక్క వలయాలు ఒకదాని మీద ఒకటి పడ్డ చోట లెక్కలు పోల్చి, ఆ ఎక్కువను తీసేస్తరు.

ఇగ నాకు కోపమొచ్చిన సంగతి. మూడో పేరాల "ఆకాశమంతా ఒకే తీరు" అన్నవు, ఐదో పేరాల "పాలపుంత పట్టీ మసక" అన్నవు. రెండూ నిజమే, కాకపోతే వేర్వేరు శక్తుల దగ్గర. పావు కిలో ఎలక్ట్రాన్‌వోల్ట్ (ఎక్స్‌రే శక్తికి కొలత) దగ్గర, చదరపు సెంటీమీటరుకు 1 పక్కన 20 సున్నాలన్ని హైడ్రోజన్ పరమాణువులు అడ్డమొస్తే వెలుగు సుమారు మూడో వంతుకు పడిపోతది. అందుకే పట్టీ వైపు మనకు కనిపించేది సూర్యుడి చుట్టున్న పది లక్షల డిగ్రీల వేడి బుడగే. 2 కిలో ఎలక్ట్రాన్‌వోల్ట్‌లు దాటినంక పట్టీని వదిలేస్తే అంతటా దాదాపు సమానం. అది దూరపు గెలాక్సీల నడిబొడ్డున కూసొని చుట్టున్న వాయువును మేస్తున్న బ్లాక్‌హోల్స్ వెలుగు. వెలుగు అని రాసిన ప్రతి చోటా పక్కన శక్తి అంకె ఉండాలె. అంకె కనబడితే పాఠకుడు పారిపోతడని సంపాదకులు ముందు దాన్నే కోస్తరు, "విశ్వరహస్యం" అన్న శీర్షికను మాత్రం ముట్టరు. వినకు.



భద్రకాళి గట్టు మీది పున్నమి వర్ణన కొట్టేయ్. 1990 జూన్ 29న రోశాట్ తీసిన చంద్రుడితోని మొదలుపెట్టు. ఎండ పడ్డ సగం మెరుస్తది. చీకటి సగం వెనుకున్న ఆకాశం కన్నా నల్లగుంటది, ఎందుకంటే దూరం నుంచొచ్చే ఎక్స్‌రేలకు చంద్రుడు అడ్డం నిలబడ్డడు. ఆ నలుపుల కూడా అక్కడక్కడ చుక్కలున్నయి. అవి చంద్రుడివి కావు. నీ చారలు పుట్టిన చోటనే, భూమి పక్కనే పుట్టినవి.