అలీ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

బాక్సర్ ముహమ్మద్ అలీ మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. కష్టపడి రాశావని తెలుస్తూనే ఉంది. కానీ ఏ పేజీ తిప్పినా అలీ కొడుతున్నాడు, ఎదుటివాడు పడుతున్నాడు, అంతే. ఫోర్‌మన్‌ని ‘భారీకాయుడు’ అన్నావు, ఫ్రేజియర్‌ని ‘బద్ధశత్రువు’ అన్నావు, అక్కడితో వదిలేశావు. ఎదుటివాడు ఎంతటివాడో తెలియకపోతే, గెలిచినవాడి గొప్ప పాఠకుడికెలా తెలుస్తుంది?

ఆఫ్రికాలో ఫోర్‌మన్‌తో ఆడిన కిన్షాసా మ్యాచే తీసుకో. 1974 అక్టోబర్ 30, అక్కడ తెల్లవారుజామున నాలుగు. నువ్వు తిన్నగా ఎనిమిదో రౌండ్ నాకౌట్‌కి దూకేశావు. ముందు ఫోర్‌మన్‌ని రింగ్‌లో నిలబెట్టు. 40 పోటీలు ఆడాడు, ఒక్కటీ ఓడలేదు. అలీని ఓడించిన ఫ్రేజియర్‌నీ, అలీ దవడ విరగ్గొట్టిన నార్టన్‌నీ రెండో రౌండ్ దాటనివ్వలేదు. ఫోర్‌మన్‌కి 25 ఏళ్లు, అలీకి 32. ఇదంతా చదివాక పాఠకుడికి టెన్షన్ పుడుతుంది. అప్పుడు అలీ రింగ్ తాళ్లకు ఆనుకోవడం రాయి. మోచేతులు డొక్కలకు అదిమిపెట్టి, గ్లవ్స్ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. గుద్దు పడినప్పుడల్లా తాళ్లతో పాటు ఒళ్లు వెనక్కి వాలుతోంది. తాళ్ల దగ్గర్నుంచి వచ్చెయ్యమని కోచ్ డండీ అరుస్తున్నా వినడం లేదు. ఐదో రౌండ్ అయ్యేసరికి ఫోర్‌మన్ గుద్దుల్లో పస తగ్గింది. ఇంత జరిగితే నువ్వు ‘అద్భుత వ్యూహం’ అని రెండు మాటల్లో తేల్చేశావు. ఆ మాటలు కొట్టేసి, ఆ రౌండ్లు రాయి.

1964లో అప్పటి ఛాంపియన్ లిస్టన్‌తో ఆడిన మయామీ మ్యాచ్‌లో ఐదో రౌండ్‌ని నువ్వసలు ముట్టుకోలేదు. కళ్లు మండి ఏమీ కనబడక, గ్లవ్స్ కోసెయ్యమని గోల పెట్టిన కుర్రాడిని (అప్పటికింకా అలీ పేరు కాషియస్ క్లేనే) డండీ రింగ్‌లోకి నెట్టాడు. ఆ భయం రాస్తేనే, ఏడో రౌండ్‌కి లిస్టన్ స్టూల్ మీంచి లేవకపోవడానికి విలువ. 1965లో లూయిస్టన్‌లో జరిగిన రెండో మ్యాచ్‌కి మాత్రం ఒక్క లైను చాలు. ఆ గుద్దు తగిలిందా లేదా అన్న వాదన ఈనాటికీ తెగలేదు, నువ్వూ తేల్చలేవు.

ఇక ఫ్రేజియర్. నీ వ్యాసంలో అన్యాయమైపోయింది ఇతనే. సైన్యంలో చేరనన్నందుకు అలీని రింగ్‌కి దూరం పెట్టిన రోజుల్లో లైసెన్స్ తిరిగి ఇప్పించమని అలీ తరఫున మాట్లాడిన మనిషి. 1971 మార్చి 8న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పదిహేనో రౌండ్లో ఎడమ హుక్‌తో (పక్కనుంచి వంపుగా వేసే గుద్దు) అలీని వెల్లకిలా పడగొట్టింది ఇతనే. అలాంటివాణ్ణి 1975 మనీలా మ్యాచ్‌కి ముందు అలీ గొరిల్లా అని వెక్కిరించాడు. హీరో కదా అని అది దాచకు. దాస్తే, కళ్లు మూసుకుపోయినా ఫ్రేజియర్ పదిహేనో రౌండ్‌కి ఎందుకు వెళ్తానన్నాడో అర్థం కాదు. వద్దని ఆపిన అతని కోచ్ ఎడ్డీ ఫ్యూచ్‌కి ఒక పేరా ఇవ్వు. నన్నడిగితే ఆ పొద్దున అక్కడున్న వాళ్లందరిలోకీ పెద్దమనిషి ఆయనే.

మనీలాతో ముగించకు. 1980లో, 38 ఏళ్ల అలీ తన పాత స్పారింగ్ (ప్రాక్టీస్) భాగస్వామి లారీ హోమ్స్ చేతిలో పది రౌండ్లు దెబ్బలు తిన్నాడు. చివరికి డండీయే ఆపించాడు. అదీ ఇందులోకి రావాలి. చోటు చాలకపోతే మొదటి పేజీలో పొగడ్తలన్నీ తీసెయ్, సరిపోతుంది. తిరగరాశాక పంపు, చూస్తాను.

నీ అన్నయ్య