బేస్‌బాల్ జట్టు బాధ్యత నెత్తికెత్తుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి నానికి, మామయ్య ఆశీస్సులు.

మీ బడి బేస్‌బాల్ జట్టు నీకప్పగిస్తున్నారని అక్క గుంటూరు నుంచి ఫోన్ చేసింది. "లెక్కలు చెప్పుకునేవాడికి ఈ బంతులాట ఎందుకురా, ఓడిపోతే ఉద్యోగం ఊడుతుందా" అని ఆవిడ బెంగ. ఏం ఊడదన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక నాకూ నిద్ర పట్టలేదు. గర్వమే ఎక్కువలే. ఒకప్పుడు జపాన్ హైస్కూళ్ల జాతీయ పోటీ కోషియెన్ దాకా వెళ్లి, ఇప్పుడు తొమ్మిది మందిని పోగెయ్యలేకపోతున్న జట్టుని నిలబెట్టమని మనవాణ్ణి అడిగారంటే మాటలా!

మామూలు సంగతులు నీకు తెలుసు. ఎండలో నీళ్లు తాగించు. పిచర్ (బంతి విసిరేవాడు) చేత వారానికి 500 బంతులు మించి వేయించకూడదని 2020 నుంచీ నియమం ఉంది, నువ్వు ఆ హద్దు దాకా పోకు. తల్లిదండ్రుల సంఘంతో తగాదా వద్దు. అలాంటి సంఘంలోనే వ్యాను తోలినవాణ్ణి, మా నోళ్లు నీకు తెలీవు. పిల్లలు చేరట్లేదని దిగులుపడకు. 2014లో దేశం మొత్తమ్మీద లక్షా 70 వేల మంది హైస్కూలు కుర్రాళ్లు ఆడేవారు, ఇప్పుడు లక్షా 30 వేల మంది కూడా లేరు.

నా భయమల్లా పీఎల్ గాకుఎన్ అనే బడి చేసిన తప్పు నువ్వు చేస్తావేమోనని.

నేను ఒసాకాలో దిగింది 1984లో. అప్పుడు పీఎల్ జట్టులో బంతి విసిరేది కువాతా, బ్యాటుతో బాదేది కియొహారా. వాళ్లిద్దరూ చదివిన మూడేళ్లలో ఆ బడి వసంతం, వేసవి పోటీలు కలిపి ఐదుసార్లకు ఐదుసార్లూ కోషియెన్‌కి వెళ్లింది, 1983, 1985 వేసవి పోటీలు గెలిచింది. వాళ్ల ఆట ఉన్న రోజు మా ఫ్యాక్టరీ క్యాంటీన్లో టీవీ ముందు అన్నాలు చల్లారిపోయేవి. మొత్తం ఏడు టైటిళ్లు. ఇప్పుడు ఆ జట్టే లేదు.

ఒసాకా దగ్గర తొందబయాషిలో ఒక మతసంస్థ నడిపే బడి అది. జట్టంతా హాస్టల్లోనే. మొదటి ఏడాది కుర్రాళ్లు సీనియర్ల బట్టలుతకాలి, తిండి వండిపెట్టాలి, అవునూ కాదూ తప్ప నోరెత్తకూడదు. అక్కడ చదివి పెద్ద ఆటగాళ్లయినవాళ్లే తర్వాత టీవీలో నవ్వుతూ చెప్పారు. ఆ నవ్వే నాకు మింగుడుపడదు. గెలిచినన్నాళ్లూ అందరూ దాన్ని క్రమశిక్షణ అన్నారు. 2001లో కొట్టుళ్లు బయటపడి శిక్ష పడింది. 2013లో మళ్లీ అదే, ఆర్నెల్ల సస్పెన్షన్. కోచ్ దిగిపోతే ఆట తెలియని ప్రిన్సిపాల్ వచ్చి కోచ్‌గా జట్టు బెంచీ మీద కూర్చున్నాడు. 2015 నుంచి కొత్తవాళ్లని చేర్చుకోలేదు. 2016 జులై 15న, మిగిలిన పన్నెండు మందితో చివరి ఆట ఆడి 6-7తో ఓడిపోయారు. మతసంస్థకి భక్తులు తగ్గారని, అందుకే ఇలా అయిందని కొందరంటారు. అదీ నిజమే. కానీ కొట్టించుకున్న పిల్లాడు రెండేళ్లకి కొట్టేవాడవుతుంటే చూస్తూ ఊరుకున్న పెద్దల్ని అది కాపాడదు.

మా వాడు వేరే బడి హాస్టల్లో ఉన్నాడు, నీకు గుర్తుందో లేదో. మొదటి చలికాలం ఇంటికొచ్చినప్పుడు వేళ్ల సందులన్నీ పగిలి ఉన్నాయి. సీనియర్ల యూనిఫారాల మట్టి వదిలేదాకా ఆకుపచ్చ ఉతమారో సబ్బుతో రాత్రిళ్లు చన్నీళ్లలో రుద్దేవాడట. మీ అత్త కొబ్బరినూనె రాస్తూ ఏడ్చింది. వెళ్లి కోచ్‌ని అడిగితే, "వచ్చే ఏడు మీవాడికీ ఉతికిపెట్టేవాడు వస్తాడు లెండి" అన్నాడు. ఓదార్పనుకున్నాడు పాపం.

కాబట్టి గ్రౌండ్ కంటే ముందు బట్టలుతికే చోటు చూడు. ఎవరి బట్టలు ఎవరు ఉతుకుతున్నారో చూడు. ఆట అయ్యాక మట్టి చదును చేసేటప్పుడు కెప్టెన్ చేతిలో కూడా పార ఉండాలి, నీ చేతిలోనూ. ఆనవాయితీ అని పిల్లలకి గుండ్లు కొట్టించకు; 2023లో కెయో బడి పిల్లలు జుట్టుతోనే ఆడి, 107 ఏళ్ల తర్వాత వేసవి కోషియెన్ గెలిచారు. ఏదైనా జరిగితే ఆ రోజే హైస్కూలు బేస్‌బాల్ ఫెడరేషన్‌కి చెప్పు, "బడి పరువు" అని ఎవడన్నా వినకు. 2025లో హిరోషిమా కొర్యో బడి వాళ్లు కోషియెన్‌లో మొదటి ఆట గెలిచి కూడా మధ్యలో తప్పుకోవాల్సి వచ్చింది, హాస్టల్ గొడవ మీదే.

ఇంకోటి, కోప్పడకు. "దండం దశగుణం భవేత్" అంటూ మీ తాత బెత్తం ఝళిపించేవాడు, ఆ కోపం నీకు వచ్చింది. దీపావళికి తమ్ముడి మీద చెయ్యెత్తడం నేను చూశాను. చిన్నప్పుడు దెబ్బలు తిన్న కువాతాయే, కొడితే ఆట రాదని బాహాటంగా చెప్పాడు. మీ తాత మాట వింటావో, 20 కోషియెన్ ఆటలు గెలిచినవాడి మాట వింటావో నీ ఇష్టం. అయినా నువ్వు మనసున్న పిల్లాడివిరా, లేకపోతే ఇంత పొడుగు ఉత్తరం ఎందుకు రాస్తాను?

జులై ఆఖర్లో చెల్లెలి పెళ్లికి వస్తానని అక్కకి మాటిచ్చావట. ఒసాకా టోర్నమెంటు అప్పుడే కదా! మొదటి ఆటలోనే పోతే హాయిగా పెళ్లికి అందుతావు. అలా కోరుకోను గానీ, టికెట్ మాత్రం తేదీ మార్చుకునేది కొను.

మామయ్య